కుర్చీ విరగ్గొట్టలేని వడ్రంగి

ఎవరింటికి వెళ్లినా మనుషులకన్నా ముందు బల్లల్నీ బీరువాల్నీ పలకరించే రకం అతను. వృత్తి వడ్రంగం. కూర్చోమంటే వెంటనే కూర్చోడు. కుర్చీని తలకిందులు చేసి, కాళ్ల దగ్గర అతుకులు తడిమి, "ఫరవాలేదు, ఎవరో బుద్ధిగా చేశారు" అన్నాకే కూర్చుంటాడు. భార్యని మొదటిసారి చూసిన రోజున కూడా, అమ్మాయి ఎలా ఉందిరా అని అన్న అడిగితే, వాళ్ల తలుపు చాలా బాగుందన్నాడట. ఆ తలుపు సంగతి ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు. అన్న బతికున్నన్నాళ్లూ ఆదివారం మధ్యాహ్నాలు టీవీ ముందే గడిచేవి. అన్న ముచ్చటపడి కొన్న వీడియో గేమ్ ఒకటుండేది. నలుగురి దాకా ఒకేసారి బరిలోకి దిగి కొట్టుకోవచ్చు. అదీ ఒట్టి చేతులతోనే కాదు, బరిలో కనబడ్డ ప్రతి వస్తువుతోనూ. కుర్చీ ఎత్తి విసరొచ్చు, అలమారని ఎదుటివాడి మీదకి తొయ్యొచ్చు, పైన వేలాడే దీపాల గుత్తి తాడు తెంపొచ్చు.

వడ్రంగికి అక్కడే వచ్చింది చిక్కు. బొమ్మ కుర్చీ అని తెలిసినా విరగ్గొట్టడానికి చెయ్యి వచ్చేది కాదు. దాని చుట్టూ తిరిగి వెళ్లి పిడికిలితో కొట్టబోయేవాడు. ఈలోగా అన్న అదే కుర్చీ ఎత్తి నెత్తిన వేసేవాడు. తమ్ముడు ఒక్క ఆట గెలిచిన పాపాన పోలేదు. అయినా అన్న పడీ పడీ నవ్వుతుంటే ఓడిపోవడం కూడా బాగానే ఉండేది.

అన్న పోయాక వదిన ఆ గేమ్ డబ్బా మీద ఒక గుడ్డ కప్పింది. ఇంట్లో మాటలే తగ్గిపోయాయి. ఒకరోజు వదిన తమ్ముడు, లారీ డ్రైవరు, చూసిపోదామని వచ్చాడు.

"ఈ డబ్బాని నువ్వు పట్టుకుపోరా. ఇక్కడ ఆడేవాళ్లెవరూ లేరు" అంది వదిన.

వడ్రంగి లేచి డబ్బాకి అడ్డంగా నిలబడ్డాడు. ఆ డబ్బా కూడా వెళ్లిపోతే అన్న కూర్చున్న చోటు నిజంగానే ఖాళీ అయిపోతుంది.

"నేనాడతాగా వదినా."

"నీ ఆట నేను చూడలేదా? కుర్చీలకి దణ్ణం పెట్టి వస్తావు."

"ఈసారి పెట్టను."

వదిన డబ్బా మీది గుడ్డ తీసింది. "సరే, వీడితో ఒక్క ఆట ఆడు. గెలిస్తే ఉంచుతాను. లేదంటే పట్టుకుపోతాడు."

డ్రైవరు అప్పటికే చతికిలబడి రిమోట్ అందుకున్నాడు. "లారీలో బోలెడు చోటుంది బావా."

"ముందు ఆడవయ్యా, లారీ ఎక్కడికీ పోదు" అన్నాడు వడ్రంగి.

బరి ఒక పాతకాలపు పెద్ద హాలు. గోడల పొడుగునా నగిషీ చెక్కిన అలమారలు. డ్రైవరు వస్తూనే కుర్చీ విసిరాడు. వడ్రంగి తప్పుకుని ఓ అలమార పక్కన ఆగాడు. తోస్తే చాలు, బావమరిది దాని కింద పడతాడు. వేలు బటన్ మీదే ఉంది. దిగలేదు.

"తొయ్యండి, చూస్తారేంటి" అంది వంటగది గుమ్మంలోంచి భార్య. "మన మంచం కోడు ఊడి ఎన్నాళ్లయింది, దాని మీద లేదు ఈ జాలి."

ఆ తటపటాయింపులో డ్రైవరే వెనకనించి వచ్చి అలమారని అతని మీదకి తోశాడు. అది ఫెళఫెళా విరిగింది. అతని ప్రాణం చూపించే గీత సగానికి పడిపోయింది. వడ్రంగి చూసింది గీతని కాదు. టీవీకి దగ్గరగా జరిగి విరిగిన ముక్కల్ని చూశాడు.

"వదినా, ఇటు చూడు. ఒక్క అతుకు లేదు. ఒక్క మేకు కూడా కొట్టలేదు. ఊరికే ఆనించి నిలబెట్టారు."

"బొమ్మ కదా బావా" అన్నాడు డ్రైవరు.

"బొమ్మైతే మాత్రం? ఇంత దొంగపనికా ఇన్నాళ్లూ నేను దణ్ణం పెట్టింది?"

ఇక అతన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. కుర్చీ విసిరాడు. బల్ల విసిరాడు. "ఇదీ దొంగపనే" అంటూ అలమారలు వరసగా కూల్చుకుంటూ పోయాడు.

"బావా, కొట్టాల్సింది నన్ను. సామాన్ని కాదు" అని మొత్తుకున్నాడు డ్రైవరు.

నిజమే, సగం దెబ్బలు సామానుకే పోయాయి. మిగతా సగం బావమరిదికి బాగానే తగిలాయి. చివరికి ఇద్దరి గీతల్లోనూ వెంట్రుకవాసి ప్రాణం మిగిలింది. వడ్రంగి కళ్లు పైకి వెళ్లాయి. ఎవరు ఎక్కడున్నారో చూసుకోకుండా దీపాల గుత్తి తాడు తెంపేశాడు. ఇద్దరూ దాని కిందే ఉన్నారు. తెర మీద ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. ఎవరూ గెలవలేదని అక్షరాలు వచ్చాయి.

వడ్రంగి వదిన మొహం చూడలేక రిమోట్ తుడుస్తూ కూర్చున్నాడు.

"గెలవలేదుగా అక్కా. మరి పట్టుకెళ్లనా?" అన్నాడు డ్రైవరు.

"ఓడిపోలేదు కూడా కదరా" అంది వదిన. అని, కూలిపోయిన హాలుని చూసి ఫక్కున నవ్వింది. ఆపుకోబోయింది గానీ ఆగలేదు. "తేలేదాకా ఇక్కడే ఉండనీ."

వచ్చి మరిది పక్కనే కూర్చుని ఇంకో రిమోట్ తీసుకుంది.

"కాళ్ల కింద తివాసీ లాగడానికి ఏది నొక్కాలి? మీ అన్నని ఎన్నిసార్లడిగినా చెప్పలేదు. చెప్తే ముందు నన్నే పడేస్తావు అనేవారు."

వడ్రంగి చెప్పాడు. ముందు పడింది అతనే.

"నాలుగో రిమోట్ ఎవరూ తీసుకోకండి, పొయ్యి ఆపి వస్తున్నా" అంది లోపల్నించి భార్య.