రెండో బీగం చెవి

మాది చిత్తూరు జిల్లా ఐరాల దగ్గర ఊరు. నా ఉద్యోగమేమిటో అక్కడ ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు అడిగితే మొదట్లో ఓపికగానే చెప్పేదాన్ని. కొట్లాడుకున్న జనం మళ్లీ కలిసి బతకడం ఎట్లా, యుద్ధం ఆగిన దేశాల్లో బడులూ బావులూ ఎవరు కట్టాలి, ఎవరి మాట విని కట్టాలి. ఇదే నేను చదివింది, తిరుపతి యూనివర్సిటీలో పిల్లలకు చెప్పేది. "అంటే పోలీసోళ్ల మాదిరా మా?" అని ఒకాయన అడిగాక ఇంక చాల్లే అనిపించింది. ఆ తర్వాత టీచర్నని చెప్పి కిటికీవైపు తిరిగేదాన్ని.

ఇరవై ఏళ్లుగా నాకు ఒకచోట కాలు నిలవలేదు. ఎక్కడో కొండల మధ్య గుడారంలో, నిన్నటిదాకా ఒకరి ఇళ్లు ఒకరు తగలబెట్టుకున్న రెండు ఊళ్ల పెద్దల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టేవాళ్లం. ఒప్పందం రాయించి, సంతకాలు పెట్టించి, తిరిగొచ్చి వ్యాసం రాసేదాన్ని. అది అచ్చయ్యేలోపే మళ్లీ పెట్టె సర్దుకోవడం. ఆ ఊళ్లు తర్వాత ఏమయ్యాయో వెళ్లి చూసింది లేదు. ఆ సంగతి గుర్తొస్తే విమానంలో కూడా నిద్ర పట్టేది కాదు.

ఇంత చేసిన నా ఇంట్లో మా నాయనా, ఆయన తమ్ముడు మా చిన్నాయనా పదకొండేళ్లుగా మాట్లాడుకోరు. గట్టు మీది వేపచెట్టును చిన్నాయన ఒక మాట చెప్పకుండా కొట్టించాడు, అంతే. ఇళ్లు వేరు, పొలాలు వేరు. బోరు మాత్రం ఒకటే. ఒక దినం మా చెరుకుకు, ఒక దినం వాళ్ల చెరుకుకు. మోటారు గదికి ఒకటే బీగం, దానికి ఒకటే తాళంచెవి. వంతు అయిపోయినవాళ్లు మర్నాడు పొద్దున్నే ఆ చెవి తీసుకుపోయి అవతలివాళ్ల వసారాలో మేకుకు తగిలించి రావాలి. ఆ పని అన్నదమ్ములిద్దరే చేసేవాళ్లు, ఇంకెవరినీ పంపేవాళ్లు కాదు.

మొన్న ఎండాకాలం ఒకరోజు చెవి ఆలస్యంగా వచ్చింది. అది చేతికి అందేసరికి కరెంటు పోయింది. నాయన ఇల్లెగిరిపోయేలా అరిచాడని అమ్మ ఫోన్ చేసింది. నాకు ఒళ్లు మండింది. ఊరుగాని ఊళ్లో తగువులు తీర్చేదాన్ని, నా ఇంటి బోరు సంగతి తేల్చలేనా?

ఆ ఆదివారమే బస్సెక్కాను. ఇద్దరూ ఎదురుపడరు కాబట్టి రెండిళ్ల మధ్య నేనే తిరిగి వంతులు కాగితం మీద రాశాను. కరెంటు పోతే ఏం చేయాలో రాశాను. ఎవరి చెవి వాళ్ల దగ్గరే ఉండాలని రాశాను. ఇద్దరూ సంతకం పెట్టారు. రెండో చెవి కోసం చిత్తూరు బజారుకు వెళ్లాను.

బీగాలు బాగుచేసే సాయిబు అరిగిపోయిన పాత చెవిని తిప్పి చూసి, "ఇన్ని దినాలు ఒకటితోనే జరిగింది గదా మా?" అన్నాడు.

"జరగలేదు కాబట్టే వచ్చాను" అన్నాను విసురుగా. ఆయన ఆకురాయి అందుకున్నాడు.

నిజంగానే అరుపులు ఆగిపోయాయి. నేనూరుకుంటానా? పేర్లు తీసేసి దాని మీదే వ్యాసం రాశాను. చిన్న ఊరు, చిన్న ఒప్పందం, శాశ్వత పరిష్కారం. విదేశంలో ఒక సభకు రమ్మన్నారు. మద్రాసులో విమానం ఎక్కబోయే ముందు ఆ కాగితం ఫొటో తీసుకుందామని పొద్దున్నే ఊరికి వెళ్లాను.

నాయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. గేటుదాకా పోతాడు, వెనక్కి వస్తాడు. తువ్వాలు భుజాన వేసుకుంటాడు, తీసేస్తాడు.

"రెండో చెవి వచ్చినప్పటి నుంచి పొద్దునైతే ఇదే పని" అంది అమ్మ. "యాడికీ పోడు, ఈడా కూసోడు."

"ఏమైంది నాయనా?" అన్నాను.

"ఏం కాలా. ఇంగ ఆ ఇంటికి నేను యాల పోవాల?"

అమ్మ వంటింట్లోకి పిలిచి చెప్పింది. నాయన చెవి తగిలించడానికి వెళ్తే చిన్నమ్మ స్తంభం దగ్గర మజ్జిగ గ్లాసు పెట్టేదట. తాగి, తమ్ముడు లేచాడో లేదో ఓరకంట చూసి, ఒకసారి దగ్గి వచ్చేసేవాడట. చిన్నాయన వస్తే ఇక్కడ అమ్మ కాఫీ పెట్టేది. పదకొండేళ్లు అట్లాగే గడిచింది. పోయిన నెల చిన్నాయన పదిరోజులు జ్వరంతో మంచానపడ్డాడు. అది తగ్గాకగానీ మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

నాకు తలకొట్టేసినట్టయింది. వాళ్లకు మిగిలిన ఆ కాస్త రాకపోకలనూ నేనే సంతకాలు పెట్టించి మరీ తెంచేశాను.

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా చిన్నాయన ఇంటికి వెళ్లాను. మనిషి సగమయ్యాడు. రెండో చెవి తిరిగిమ్మని అడిగాను.

"ఎవురిది వాళ్ల కాడే ఉండాలని నువ్వే గదా రాసింది?"

"తప్పు నాదే చిన్నాయనా. ఇచ్చేయి."

"నీకెందుకిస్తా? బోరు నీదా? కావాల్సినోడ్ని వచ్చి అడగమను, సూస్తాం."

వచ్చి ఆ మాటే నాయనకు చెప్పాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మేకు మీది మా చెవి తీసి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. సభలో చూపించాల్సిన ఫొటోలు ఇంకా రాలేదేమని సభవాళ్ల మెసేజీలు ఫోనులో వరసగా వస్తున్నాయి. వాటికి జవాబివ్వలేదు. గేటు దగ్గరే నిలబడ్డాను. పదకొండేళ్ల తర్వాత ఇద్దరూ ఎదురుపడి మళ్లీ గొడవపడితే ఇంక అతికించేవాళ్లు ఎవరూ ఉండరని భయమేసింది.

చాలాసేపటికి నాయన వచ్చాడు, ఉత్త చేతులతో.

"ఇచ్చినాడా?" అంది అమ్మ.

"ఇయ్యలా."

"ఏమన్నా మాట్లాడినాడా?"

"వాడేం మాట్లాడతాడు? మజ్జిగ తాగినా."

"మరి మన చెవి ఏది నాయనా?" అన్నాను.

ఆయన తువ్వాలు తీసి దండెం మీద ఆరేశాడు.

"అదీ ఆడే తగిలిచ్చేసి వచ్చినా. రేపు పొద్దున పోయి తెచ్చుకోవాల గదా."