ధనుర్మాసంలో తెరిచిన ఖాతా

పోర్ట్ క్లాంగ్ ఓడరేవులో మా ఆయన ఉద్యోగం ముగిసిన ఏడు అది. జనవరిలో ఆయనకు గుండె ఆపరేషన్ చేయాలన్నారు డాక్టర్లు. ఆలోపే, ముసలితనానికని బ్యాంకులో విడిగా దాచిన సొమ్మును పదవీ విరమణ నిధిలోకి మార్చేయాలని ఆయన పట్టుబట్టారు. అక్కడ వచ్చే లాభానికి పన్ను లేదు. అయితే మనిషికి ఏడాదికి ఇంతే వేయాలని హద్దుంది. ఆయన హద్దు నిండిపోయింది. జీతమంటే ఎరుగని నా పేరున కొత్త ఖాతా తెరిస్తే నా వంతు కూడా కలిసివస్తుంది. డిసెంబరు దాటితే ఆ ఏటి వంతు పోయినట్టే.

"రేపటి నుంచి ధనుర్మాసం. ఇప్పుడు కొత్త ఖాతా ఏటండీ?" అన్నాను.

"ఏటే, మీ దేవుడు డిసెంబరుకి సెలవెట్టినాడా?" అని నవ్వారు. కానీ ఆ రాత్రి ఆయన అన్నం సగంలో వదిలేశారు.

నేను రామమందిరంలో పారాయణాలు వింటూ పెరిగినదాన్ని. ధనుర్మాసం దేవుడిది. ఆ నెలలో మన సొంత పనులు మొదలుపెట్టం. అది నాకు భయం కాదు, దేవుడికిచ్చే మర్యాద. అయినా కూర్చుంటే కూర్చోలేను, పడుకుంటే పడుకోలేను. తెల్లవారుతుండగా మా అమ్మ ప్రయాణాలకు పెట్టే ప్రస్థానం గుర్తొచ్చింది. మంచి గడియలో బయల్దేరలేనివాళ్ళు ఆ గడియకే తమ వస్తువొకటి పక్కింట్లో పెడతారు. దాంతో బయల్దేరినట్టే లెక్క. పొద్దు ఇంకా పొడవలేదు కాబట్టి నెల పుట్టనట్టే. గబగబా స్నానం చేసి, పసుపు గుడ్డ సంచిలో ఒక చీర పెట్టాను. ఖాతా నాది కదా అని నా గుర్తింపు కార్డూ అందులోనే పెట్టి, పక్కింటి వదిన దేవుడి గదిలో ఉంచి వచ్చాను.

మూడో రోజు నిధి కార్యాలయానికి వెళ్దామని సంచి కోసం పోతే, వదిన ఇంటికి తాళం. ఫోన్ చేశాను.

"ఓలమ్మ! సుంగై సిపుట్లో పుట్టింటికి వచ్చేసినాను. తమ్ముడికి కొడుకు పుట్టినాడు. కొత్తేడాది దాటినాక వస్తాను."

"నా కార్డు నీ ఇంట్లో ఉన్నాది వదినా!"

"కార్డెట్టి ప్రస్థానం ఎవులైనా సేస్తారేటి?" ఒకటే నవ్వు. "తాళం నా కాడే ఉన్నాది. వచ్చి పట్టుకెళ్ళు."

ఆయన్ని కారు నడపొద్దన్నారు డాక్టర్లు. సుంగై సిపుట్ దాకా మూడు గంటలు నేనే నడిపాను. దారి పొడవునా లారీలే. పక్కన కూర్చున్న ఆయన ఊపిరి కాస్త గట్టిగా వినిపిస్తే చాలు, తిరిగి చూసేదాన్ని.

"రోడ్డు సూడే. నేనెక్కడికీ పోను," అన్నారు.

వదిన పసివాణ్ణి ఎత్తుకునే వచ్చి తాళం చేతిలో పెట్టింది. మంచినీళ్ళు తాగి వెనుదిరిగాం.

మర్నాడు ఆ సంచి తీసుకుని వెళితే, నిధి కార్యాలయంలో మలై జాతి అమ్మాయి ఏం పని చేస్తారని అడిగింది. ఇల్లు చూసుకుంటానన్నాను. యంత్రం మీద వేలు పెట్టమంది. ఆయన పక్కనే కూర్చుని ఫోన్లోంచి సొమ్ము పంపారు.

"పడినాదా?"

"పడినాదండీ."

"హమ్మయ్య. ఇంక నాకేటైనా..."

"ఆ మాటొద్దు."

దారిలో ఆయన హాయిగా నిద్రపోయారు. నేను ఆయన ఊపిరి వింటూ నడిపాను. మరుసటి వేకువ మందిరం పూజలో అందరూ గొంతెత్తి పాడుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను. ఆ సొమ్ము నేనొక్కదాన్నే తినే రోజు రానీయకు స్వామీ అని మాత్రం అడిగాను.