ఎర్ర పురుగులు ఏరేసిన బురద

"కర్ర పట్టుకెళ్ళు మావా" అన్నాను.

"కర్ర ఒక చేత్తో, జల్లెడ ఒక చేత్తో పడితే, సీసాలు మీ బాబొచ్చి పడతాడేంటే?" అన్నాడు, నవ్వుతూ.

మా ఇద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు. ఆ మధ్యాహ్నమే యమున పక్క చిత్తడిలో కాలు దిగబడి పడిపోయాడు, లేవలేదు. తెల్లారి తీశారు.

మిలిటరీ నుంచి వచ్చేశాక మా ఆయన ఒక కాలేజీ లాబ్‌లో పనికి కుదిరాడు. నెలకోసారి ఆ చిత్తడి నీళ్ళూ, అడుగు బురదా తెచ్చిస్తే, అందులో ఏయే ప్రాణులు బతుకుతున్నాయో అక్కడి మేడమ్ చూసి రాసేది. ఆయన పోయాక ఆ పని నాకిచ్చారు. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. వేలిముద్ర వేశాను. ఫరీదాబాద్‌లో ఒక్క గది, నేనొక్కదాన్ని. వద్దని ఎలా అంటాను?

మొదటిసారి దిగినప్పుడు బురద నన్ను పిక్కల దాకా పట్టేసింది. కింద నుంచి ఎవరో లాగుతున్నట్టే ఉంది. ఆయన కాలు దిగబడింది ఇక్కడేనా, ఇంకో అడుగు అవతలా? సీసాను నీళ్ళలో ముంచి, లోపలే మూత బిగించాలి. ఒక్క గాలిబుడగ ఉండకూడదు. బుడగ పోక నాలుగుసార్లు నింపాను. తరవాత బురద జల్లెడలో వేసి కడిగితే, సన్నటి ఎర్ర పురుగులు, దారప్పోగుల్లా మెలికలు తిరుగుతున్నాయి. ఛీ, ఈ మురికి మేడమ్‌కి ఎలా ఇస్తామని గట్టున కూచుని, తోటకూర బాగుచేసినట్టు ఒక్కొక్కటీ ఏరి పారేశాను.

గట్టు మీద గుడిసె ఆవిడ నన్నే చూస్తోంది. "దీదీ, ఇక్కడి చేపలు పిల్లలకి పెట్టొచ్చో లేదో మీ మేడమ్‌ని అడిగి చెప్పవా?" అంది. సరేనన్నాను.

మర్నాడు మేడమ్ పళ్ళెంలో బురద చూసి తలెత్తింది. "అరె వాహ్! ఎర్ర పురుగు ఒక్కటీ లేదు. మురికి నీళ్ళయితే అవే కుప్పలుగా ఉంటాయి. నీళ్ళు బాగుపడుతున్నాయి దీదీ!"

చెబితే పని పోతుంది. చెప్పకపోతే ఆ పిల్లలు ఆ చేపలు తింటారు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు మేడమ్ రిపోర్టు రాయడానికి కూచుంది.

"మేడమ్, పురుగులున్నాయి. నేనే ఏరేశాను."

"ఏరేశావా? క్యోం?"

"మురికి కదా అని..."

ఆవిడ కలం మూసి పక్కన పెట్టింది. "ఠీక్ హై. రేపు మళ్ళీ తేవాలి" అంది.

పని తీసేస్తానంటే ఏడ్చేదాన్నే. మళ్ళీ దిగాలంటే ఏడుపు కూడా రాలేదు.

మర్నాడు ఆయన తీసుకెళ్ళని కర్ర నేను తీసుకెళ్ళాను. సల్వార్ మోకాళ్ళ పైకి మడిచి మేడమ్ కూడా దిగింది. "నువ్వు కర్ర వదలకు. జల్లెడా సీసాలూ నేను చూసుకుంటా" అంది. ఆ చెయ్యే ఆ రోజు ఆయనకి లేకపోయింది. బురద మళ్ళీ పట్టుకుంది. భయం ఇసుమంతైనా తగ్గలేదు. జల్లెడ నిండా ఎర్ర పురుగులు. ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

గుడిసె ఆవిడ ఎదురొచ్చింది. "పెట్టకమ్మా, మత్ ఖిలానా" అన్నాను.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం? నిన్న కూడా పెట్టాను" అంది.

నేను సీసాలెత్తుకుని నడిచాను.

నువ్వు మా చెల్లెలి కూతురివి, ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో కలెక్టరు పరీక్షలకి చదువుతున్నదానివి. నేను చెప్పిందంతా రాశావు సరే, పెద్దమ్మ పరువు పోతుందని ఆ పురుగులు ఏరిన ముక్క వదిలేశావేమోనని నా భయం. ఏదీ, మొదటి నుంచీ చదివి వినిపించు.