అసిరమ్మ పలాస వెళ్ళని ఇరవై రెండు వేసవులు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో విదేశీయురాలు ఒక్కర్తే ఉండేది. పేరు అసిరమ్మ. రంగూన్‌లో బియ్యం మిల్లు పక్కన పుట్టింది. తండ్రి అక్కడి పౌరుడిగా కాగితం పుచ్చుకోవడంతో ఆవిడా కాగితం మీద బర్మా మనిషైపోయింది. 1965లో ఓడ దిగి, లోకోషెడ్డులో ఫిట్టరు పైడిరాజుని పెళ్ళాడింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే, వండేది పులుసే. అయినా ఏటేటా పోలీసు ఆఫీసుకెళ్ళి మరో ఏడాది ఉండనిస్తారా అని అడగాలి. దేశాల సరిహద్దుల మీద పుస్తకాలు చాలానే తిరగేశాను, కొన్నిటిని కాలినడకన దాటాను కూడా. సరిహద్దు ఒక వంటింటి గడప దగ్గర ఆగిపోవడం మాత్రం ఆ క్వార్టర్లోనే చూశాను.

సంగతేమిటంటే, వచ్చిన కొత్తలో ఆఫీసువాళ్ళిచ్చిన కాగితాన్ని పైడిరాజే ఆవిడకి చదివి చెప్పాడు. "జిల్లా దాటకూడదంట." అంతే, ఆవిడ దాటలేదు. మే నెల వస్తే పైడిరాజు రైల్వేవాళ్ళిచ్చే ఉచిత పాసు మీద సొంతూరు పలాస వెళ్ళేవాడు. పాసులో "తను, భార్య" అని ఉండేది. ఆ భార్య సీట్లో, ఊరి పక్కనే లాల్‌ఖదాన్‌లో ఉండే అతని అప్ప, అంటే అక్క, బంగారమ్మ కూర్చునేది. అప్పకి పాసు రాదు, నోరు మాత్రం బాగా వచ్చు. బండి కదిలాక అసిరమ్మ కొబ్బరిపాలు పోసి బర్మా నూడుల్స్ వండేది. నా దేశసంచారంలో బిలాస్‌పూర్ మజిలీ ఎప్పుడూ మేలోనే ఎందుకు పడేదో ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

1987లో ఆ పోలీసు ఆఫీసుకి దూబే అనే కొత్త గుమాస్తా వచ్చాడు. "ఇన్నేళ్ళూ ఎటూ పోకుండా ఇక్కడే ఉన్నట్టు రుజువు తెండి, ఒకేసారి అయిదేళ్ళకి పర్మిట్ రాయిస్తాను. తేకపోతే ఫైలు పైకి పోతుంది. వాళ్ళు దేశం వదలమన్నా నేను చేయగలిగిందేమీ లేదు" అన్నాడు.

రైల్వే మనిషికి పాసుని మించిన కాగితం లోకంలో లేదు. పైడిరాజు షెడ్డు ఆఫీసుని బతిమాలి ఇరవై రెండేళ్ళ పాసుల పట్టీ రాయించుకొచ్చాడు. దరఖాస్తు రాసే పని నాది కనుక నేనూ వెంట వెళ్ళాను.

దూబే పట్టీ మీద వేలు పెట్టి చదివాడు. "ప్రతి వేసవీ బిలాస్‌పూర్ నుంచి పలాస. అచ్ఛా. అమ్మాజీ ఇరవై రెండుసార్లు జిల్లా దాటింది, ఒక్కసారీ మాకు చెప్పలేదు."

పైడిరాజు పట్టీని వెనక్కి లాక్కోబోయాడు. పెళ్ళాం వెళ్ళిందంటే ఆవిడ పర్మిట్ పోతుంది. వెళ్ళలేదంటే పాసు మీద వేరే మనిషిని తిప్పినందుకు తన ఉద్యోగం పోతుంది.

"నానెల్లనేదు సాబ్" అంది అసిరమ్మ.

"మరి పాసు?"

"పాసెల్లింది."

"మీ సీటు?"

"కాళీగా ఎల్లుంటాది."

దూబే కళ్ళజోడు తీశాడు. "మే నెలలో ఖాళీ సీటా? ఆ బండి నేనూ ఎక్కాను అమ్మాజీ. కక్కూసులోనే నలుగురు నిలబడ్డారు."

"అయితే ఎవులు కూకున్నారో టీటీ సూసుకోవాల. మీ పుస్తకంలో నానెక్కడున్నానో రాస్తే సాలదా?"

పనిని ఇలా పంచడం దూబేకి నచ్చింది. పక్క శాఖ పనిని నెత్తికెత్తుకునే గుమాస్తాని నేను ఏ రాష్ట్రంలోనూ చూడలేదు. సాక్షి ఎవరన్నాడు. నాలుగు మే నెలలు ఈవిడ చేతి నూడుల్స్ ఇక్కడే తిన్నానని రాసి సంతకం పెట్టాను. రుచి గురించి కూడా రెండు ముక్కలు రాయబోతే కాగితం లాక్కున్నాడు. మిగతా వేసవులకి పక్క క్వార్టర్ల ఆడవాళ్ళొచ్చి వేలిముద్రలు వేశారు. వాళ్ళూ తిన్నవాళ్ళే.

అయిదేళ్ళ ముద్ర పడింది. దూబే సిరా ఆరడానికి ఊదుతూ అడిగాడు. "ఇంతకీ ఒక్కసారైనా ఎందుకు వెళ్ళలేదమ్మాజీ? ముందుగా మాకు తెలియజేసి వెళ్ళవచ్చని మొదట మీకిచ్చిన కాగితంలోనే రెండో లైన్లో ఉందిగా."

అసిరమ్మ మొగుడి వైపు తిరిగింది.

"రెండో లైను సదవనేదేటి?"

"అప్పుడు షెడ్డు సైరన్ మోగిందే. డ్యూటీకి..."

"ఇరవై రెండేళ్ళూ మోగిందేటి?"

పైడిరాజు పైన తిరుగుతున్న ఫ్యాను కేసి చూశాడు. "అప్ప ఊరుకోదు కదే."

ఆవిడ దూబే నుంచి ప్రయాణం తెలియజేసే ఖాళీ ఫారం ఒకటి అడిగి పుచ్చుకుని నా ముందు పెట్టింది. "రాయి బాబూ. ఊరు పలాస. నెల మే. ఎల్లేది అసిరమ్మ." ఫారం నింపాక మొగుడి చేతిలో పెట్టింది.

"మీ అప్పకి నువ్వే సదివి సెప్పు. అన్ని లైన్లూ."