ఎర్తు గుంతకు నీళ్లు పోయించిన సారు

మా మెషీన్స్ ల్యాబ్ సారు పోయారు. పొద్దున్నే మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు చూసి, కర్నూలు పక్కన నేను పనిచేసే సోలార్ ప్లాంటు నుంచి అట్నుంచి అటే మైదుకూరు బయల్దేరాను. కడప దగ్గర కాలేజీలో మాకు ఎలక్ట్రికల్ చెప్పిన మనిషి. దారంతా ఏడ్చుకుంటూ వెళ్లినదాన్ని, ఆయన ఇంట్లో అడుగుపెట్టిన కాసేపటికే తిట్టుకోవడం మొదలుపెట్టాను. ఎవర్నో కాదు, ఆయన్నే.

సారును వరండాలో, అద్దెకు తెచ్చిన ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టారు. విశాఖలో ఉన్న కూతురు సాయంత్రానికి గానీ రాదు. పక్కనే కూర్చున్న సారు భార్య పెట్టె స్టీలు అంచు మీద చెయ్యి వేయబోయి చటుక్కున వెనక్కి తీసుకుంది. కాసేపాగి మళ్లీ వేసింది, మళ్లీ తీసుకుంది. నన్ను చూసి, "చూడమ్మా, ఆఖరికి నన్ను తాకనీకుండా తోసేస్తాండాడు" అంది. ఆ మాట ఆమె నిజంగా నమ్మే అంటోంది.

నేనూ అంచు మీద వేలు పెట్టి చూశాను. జివ్వుమంది. పెట్టె ఒంట్లోకి కరెంటు దిగుతోంది. పెట్టె తెచ్చినాయన గోడకు ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు. అడిగితే తల కూడా ఎత్తలేదు.

"ఏం గాదక్కా, అన్ని ఇండ్లల్లో ఇంతే. చెప్పులేసుకొని తాకమను."

పోయిన మనిషి దగ్గర భార్యను చెప్పులేసుకుని కూర్చోమంటున్నాడు మహానుభావుడు! నాకు ఒళ్లు మండిపోయింది. అంతకన్నా ఎక్కువ మంట సారు మీద. ఎర్తు ఎర్తు అని మా ప్రాణాలు తోడేసిన మనిషి ఇంట్లోనే ఎర్తు పనిచేయకపోవడమా?

యంత్రంలో కరెంటు దారితప్పితే మనిషికి తగలకుండా నేలలోకి దిగిపోవాలి. అందుకోసం గుంత తీసి, ఉప్పూ బొగ్గూ వేసి, పైపు పాతుతారు. ఆ నేల తడిగా ఉన్నంతకాలమే అది దారి. మా కోర్సులో దీని మీద ఉన్నది ఒకే ఒక్క ప్రయోగం. సారు దాన్ని సెమిస్టరంతా సాగదీశారు. ల్యాబ్‌లో మొదటి రోజు మోటార్లు చూపిస్తారని వెళ్తే మా చేతికి బకెట్లిచ్చారు. "ముందు దానికి తాపండి, తర్వాత మీరు తాగండి" అనేవారు. హాస్టల్లో స్నానానికి నీళ్లుండేవి కావు. ట్యాంకరు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. మేమేమో ఆ ట్యాంకరు నీళ్లు తెచ్చి గుంతలో పోయాలి! పక్క బ్రాంచి వాళ్లు చెట్టు కింద ల్యాప్‌టాపులు పెట్టుకుని కోడింగ్ నేర్చుకుంటూ మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు.

వైవాలో అయితే మరీ విసిగించారు. "ఎర్తు రెసిస్టెన్సు ఎంత ఉండల్లమ్మా?" అన్నారు. పుస్తకంలో ఉన్న అంకె ఠక్కున చెప్పాను.

"అది పుస్తకంలో నేల. మన నేల యాడ తడిగా ఉండాది? పోయి కొలుచుకొని రాపో."

మిట్టమధ్యాహ్నం, కడప ఎండ. మేకులు దిగని నేలలో మేకులు కొట్టి, మీటరు తిప్పి, అంకె తెచ్చి చూపిస్తే, "ఇప్పుడు నీళ్లు పోసి మళ్లీ కొలువు" అన్నారు. ఆ రోజు నాకు అన్నం దొరకలేదు. ఆ కోపం నాకిప్పటికీ పోలేదు, పోగొట్టుకునే ఉద్దేశమూ లేదు.

నా పెళ్లికీ వచ్చారు. అక్షింతలు చేతిలో పట్టుకుని స్టేజీ ఎక్కబోతూ, లైట్ల స్టాండు చూసి ఆగిపోయారు. జేబులోంచి టెస్టరు తీశారు. ఆ టెస్టరు లేకుండా ఆయన ఎక్కడికీ వెళ్లరు. అక్కణ్ణుంచి నేరుగా వెనకాల జనరేటరు దగ్గరికి వెళ్లి డెకరేషను వాళ్లతో తగువు పెట్టుకున్నారు. ఫోటోగ్రాఫరు చూసి చూసి వేరేవాళ్లను పిలిచాడు. నా పెళ్లి ఆల్బంలో మా సారు ఎక్కడా లేరు. ఇదేం అన్యాయం సార్ అని అడిగితే, "నీ పెండ్లిలో ఎవురికీ షాకు కొట్టలేదు గదా, ఇంగేం?" అన్నారు.

అటువంటి మనిషి ఇంట్లో ఇదేమిటని సారు భార్యనే అడిగాను.

"పెరట్లో ఉండాది లేమ్మా ఆ గుంత. దినామూ ఆయనే పోస్తాండె. తాగనీకి లేక మేం అల్లాడతాంటే దానికేందబ్బా అని నేను అరుస్తాంటి. తిరుపతి ఆసుపత్రిలో పండుకున్నంక ఇంగెవురు పోస్తారు? నేనూ ఆడనే ఉంటి గదా."

నాతో చదువుకున్న బద్వేలు మిత్రుడు కూడా అప్పటికి వచ్చాడు. ఇద్దరం పెరట్లోకి వెళ్లి గుంత మీద మూత ఎత్తాం. లోపల మట్టి నెర్రెలు విచ్చి ఉంది. నేను వెళ్లి పెట్టె ప్లగ్గు పీకేశాను. "ఈ ఎండకు ఆపితే ఎట్లక్కా? మనిషి చెడిపోతాడు!" అని పెట్టె ఆయన లేచాడు. సారు భార్య భయంగా నా వంక చూసింది. ఎంతోసేపు ఆపలేమని నాకూ తెలుసు. వంటింట్లోంచి ఉప్పు పట్టుకొచ్చి గుంతలో పోసి, డ్రమ్ములో నీళ్లు బకెట్లతో మోశాం. పోసినవి పోసినట్టే ఇంకిపోయాయి. ఇంటి నిండా చుట్టాలు, వాళ్ల తాగునీళ్లేమో ఆ డ్రమ్ములో ఉన్నాయి. "పిచ్చిగాని పట్టిందా మీకు?" అని ఎవరో మమ్మల్ని తిట్టారు కూడా. అచ్చం మేం సారును తిట్టుకున్నట్టే తిట్టారు.

ఎట్టకేలకు మట్టి మీద నీళ్లు నిలిచాయి. ప్లగ్గు పెట్టి, ముందు నా బ్యాగులో ఉన్న టెస్టరుతో చూశాను. తర్వాత నా చెయ్యి పెట్టి చూశాను. ఏమీ లేదు.

"ఇప్పుడు తాకండమ్మా."

ఆమె వెంటనే తాకలేదు. అరచేతిని కొంగుకు తుడుచుకుంది. ఒక వేలు ఆనించి చూసింది. తర్వాత చెయ్యంతా పరిచి, దాని మీద చెంప ఆనించి కళ్లు మూసుకుంది. "ఇంగ తోయడులే" అంది, ఎవరితోనూ కాదు.

పెరట్లో గుంత అప్పుడే మళ్లీ ఆరిపోతోంది. కూతురొచ్చి, తల్లి ఆ చెయ్యి తీసేదాకా మేమిద్దరం బకెట్లు మోస్తూనే ఉన్నాం.