పుచ్చుకునే చేయి

మా శనివారం భజనకు నలభై ఏళ్లుగా పేరు లేదు. బోర్డు లేదు, రశీదు పుస్తకం లేదు, అధ్యక్షుడు లేడు. దాన్ని మొదలుపెట్టిన పెద్దాయన ఒక తెలుగు పండితుడు. పేరు పెడితే పేరు కోసం కొట్లాట వస్తుందని, కుర్చీ వేస్తే కూర్చునేవాడు పుట్టుకొస్తాడని ఆయన భయం. అందుకే ఆ నియమం పెట్టి వెళ్లిపోయాడు. వారానికొకరి ఇంట్లో చేరతాం. గుడ్డల అంగడి నడిపే మిత్రుడు హార్మోనియం తెస్తాడు. ఎవరింట్లో భజన అయితే వాళ్లు గుగ్గిళ్లు వండుతారు. పురాణం చదివి అర్థం చెప్పడం నా వంతు. అది మా నాన్న నేర్పిన విద్య.

కడప నుంచి ఒంటిమిట్టకు తిరునాళ్లకు నడిచి పోయేటప్పుడు మిగతా మండళ్లవాళ్లు బ్యానర్లు పట్టుకుంటారు. మేము ఏ గుడ్డా లేకుండా నడుస్తాం. "మీది ఏ భజనప్పా?" అని ఎవరైనా అడిగితే "రాములవారిది" అని చెప్పి ముందుకు సాగడం నాకు మహా ఇష్టంగా ఉండేది.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, ఆ భజనలో అందరికంటే పాత మనిషి. పిల్లలు లేరు. పెద్దనాన్న పోయి చాలా కాలమయింది. ఆయన ఆమె పేరుతో కొన్న రెండు గదుల ఇల్లు ఒంటిమిట్ట దారి పక్కనే ఉంది. ఆ చుట్టుపక్కల ఎవరు బోరు వేసినా ఉప్పునీళ్లే పడతాయి. పెద్దమ్మ వాకిట్లో మాత్రం తియ్యటి నీళ్లు. శివరాత్రి దాటగానే ఆమె వాకిట్లో పందిరి వేయించి, ఇసుక పరిచి, కుండలు పెడుతుంది. నవమి దగ్గరపడితే నడిచిపోయేవాళ్లకు మజ్జిగ కూడా. కాళ్లు బొబ్బలెక్కినవాళ్లను మంచం మీద కూర్చోబెట్టి, "చెప్పులేసుకోని వస్తే రాముడు వద్దంటాడా?" అని తిట్టి, పసుపు పూసి పంపుతుంది.

ఒక శనివారం భజన అయ్యాక, గుగ్గిళ్లు తింటూ తింటూనే ఆమె ఆ మాట అంది.

"నాకు డెబ్బై ఎనిమిది దాటినాయి. నా తర్వాత ఆ చలివేంద్రం నిలిచిపోకూడదు. ఇల్లూ బోరూ భజనకు రాసిస్తా. ఏమంటారు?"

కొత్తిమీర తెమ్మని అడిగినంత మామూలుగా అడిగింది. అందరికీ ఆనందమే. నేనైతే మరుసటి వారం దానం గురించి గంటసేపు చెప్పాను. అడగకముందే ఇవ్వాలని, ఇచ్చాక నాది అనకూడదని, ఒంట్లో ప్రాణం ఉండగానే ఇవ్వాలని. పెద్దమ్మ ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా విన్నది. ఆ శ్రద్ధ నా మీదికే వస్తుందని నాకప్పుడు తెలియదు.

కోర్టు దగ్గర నాకు తెలిసిన వకీలు ఒకాయన ఉన్నాడు. ఆమెను ఆయన ఆఫీసుకు తీసుకుపోయాను. మేడ మీద గది. మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చుంది. ఆయన వీలునామా నమూనా ఒకటి తీసి చదవబోయాడు. "నా తదనంతరం" అన్న మాట వినగానే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నేను పోయినాక నేనిచ్చేదేముందప్పా? అప్పుడు నీళ్లు ఎవరు ధారపోస్తారు? నా తరపున కాగితం పోస్తాదా?"

మా ఇళ్లలో దానం అంటే తులసి దళం, నీళ్లు. పుచ్చుకునేవాడి అరచేతిలో ఇచ్చేవాడు నీళ్లు వదిలితేనే అది దానం. లేకపోతే ఒట్టి మాట. ఈ సంగతి నేనే ఎన్నోసార్లు చెప్పాను. వకీలు నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

"అయితే వీలునామా వద్దులేమ్మా," అన్నాడాయన. "దాన సెటిల్మెంటు రాసుకుందాం. ఇల్లు ఇప్పుడే ఇచ్చేస్తారు. బతికున్నన్నాళ్లు అందులోనే ఉండే హక్కు మీకే ఉంటాది. ఎవరికి రాయాల?"

"మా భజనకు."

"దాని పేరు?"

"లేదు."

"ప్రెసిడెంటు?"

"రాముడు."

"సంతకానికి వస్తాడామ్మా ఆయన?"

"పిలిస్తే యాడికైనా వస్తాడు. నీ మెట్లే కొంచెం ఎక్కువుండాయి."

వకీలు నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకుని, నెమ్మదిగా చెప్పాడు. చట్టం కంటికి కనబడని భజనకు ఇల్లు రాస్తే అది ఎవరికీ రాయనట్టే. ఏమీ రాయకుండా కన్నుమూస్తే ఇల్లు పెద్దనాన్న తమ్ముడి కొడుకులకు పోతుంది. వాళ్లు ప్రొద్దుటూరులో వ్యాపారాలు చేసుకునే మంచివాళ్లే. కానీ రోడ్డు పక్క జాగాలో కుండలు పెట్టుకుని కూర్చుంటారని ఎవరూ అనుకోరు.

"దానం అన్నాక పుచ్చుకునేవాళ్లు ఉండాల, పుచ్చుకున్న్యామని ఒప్పుకోవాల," అన్నాడు. "ఈడ ఇచ్చే అమ్మ ఉండాది. పుచ్చుకునేవాళ్లు యాడ?"

చట్టం, శాస్త్రం ఒకే మాట చెప్పడం చూసి నాకు ముందు సంతోషం వేసింది. తర్వాతే అది నన్ను అడుగుతున్న ప్రశ్న అని అర్థమయింది. భజనను ట్రస్టుగా రిజిస్టరు చేయాలి. పేరు పెట్టాలి. కాగితాల మీద మనుషులు కనబడాలి. అంటే పండితుడి నియమం దాటాలి.

ఆ శనివారం వాదన మొదలయింది. నేను గట్టిగా అడ్డుపడ్డాను. మన దారి వేరు, రిజిస్ట్రేషన్లు మనకెందుకు, ఇప్పటికే రిజిస్టరయిన పెద్ద ఆశ్రమానికి దేనికైనా ఇల్లు రాసిస్తే సరిపోతుంది కదా అన్నాను.

"పెద్ద ఆశ్రమాలకు నా కుండలు యాడ కనబడతాయి నాయనా?" అంది పెద్దమ్మ.

"అది కాదు పెద్దమ్మా, మనకంటూ ఒక నియమం ఉండాది కదా..."

"నియమం ఉండాదిలే. నువ్వు 'రాములవారిది' అని చెప్పి ఛాతీ విరుచుకోని నడిచేది ఇరవై ఏండ్లుగా చూస్తాండా. బ్యానరు మోసేవాళ్లకు గూడా అంత నిక్కు లేదు."

హార్మోనియం మిత్రుడు నవ్వు ఆపుకోలేక తిత్తి మీద చెయ్యి నొక్కాడు. అది కూడా కుయ్యిమంది. గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ చేతిలోని గుగ్గిళ్లు పక్కన పెట్టేశాను.

మరునాడు పొద్దున పూజకు కూర్చుంటే మనసు నిలవలేదు. అహంకారం రాకుండా ఉండాలని ఆ పెద్దాయన పేరు వద్దన్నాడు. నేను ఆ పేరు లేకపోవడాన్నే కిరీటంలా పెట్టుకుని తిరిగాను. ఎదుటివాళ్ల బ్యానర్ల వైపు చూసి లోలోపల ఎన్నిసార్లు చిన్నచూపు చూశానో రాముడికే తెలుసు. ఆ రోజు ఆయన పటం ముందు చెంపలు వేసుకున్నాను. చిన్నప్పుడు వేసుకున్నట్టు, నిజంగానే, చప్పుడయ్యేటట్టు. మా ఆవిడ వంటింట్లోంచి, "ఏం తప్పు చేసినావు?" అని కేకేసింది. "శానా," అన్నాను.

ఆ రోజే పెద్దమ్మ ఇంటికి పోయి, ట్రస్టు పెడదామని చెప్పాను.

"పుచ్చుకుంటావా?" అంది.

"పుచ్చుకుంటా."

"అయితే కాఫీ తాగు."

తర్వాత పేరు పెట్టడానికి మూడు శనివారాలు పట్టింది. పండితుడు ఎందుకు భయపడ్డాడో ఆ మూడు వారాల్లో బాగా తెలిసింది. ఒకరు ఆయన పేరే పెడదామన్నారు. ఆయన వినుంటే లేచి వెళ్లిపోయేవాడు. ఇంకొకరు పెద్దమ్మ పేరు పెడదామన్నారు. "నా పేరు పెడితే నీళ్లు తాగినోళ్లు నాకు దండం పెడతారు. రాముడు చిన్నబోడా?" అని ఆమె కొట్టిపారేసింది. చివరికి రాముడి పేరు ముందు, మంచినీళ్ల సేవ అన్న మాట తర్వాత పెట్టుకుని సరిపెట్టుకున్నాం. ట్రస్టు పత్రంలో ముగ్గురం ట్రస్టీలుగా సంతకాలు పెట్టాం. బాధ్యత నాది.

ఈలోగా పెద్దమ్మ ఒక్కతే బస్సెక్కి ప్రొద్దుటూరు పోయింది. మరిది కొడుకులకు తానే సంగతి చెప్పింది. చాటుమాటుగా ఇస్తే అది దొంగతనమవుతుందని ఆమె లెక్క. వాళ్లు ఒక్క క్షణం ముఖముఖాలు చూసుకున్నారట. తర్వాత పెద్దవాడు, "మా పెద్దనాయన పేరు చెప్పి ఒక కుండ మాది గూడా పెట్టు పెద్దమ్మా," అన్నాడట. భోజనం పెట్టి, కొత్త కుండలు రెండు కొనిచ్చి బస్సెక్కించారు. వాటిని ఒళ్లో పెట్టుకుని కడప దాకా వచ్చింది. పగలకుండా.

రిజిస్ట్రేషన్ రోజు ఆమె పట్టుచీర కట్టుకుని వచ్చింది. చేతిసంచిలో రాగి చెంబు, తులసి. సంతకాలు పెట్టించే గుమాస్తా చెంబు చూసి గాభరాపడ్డాడు.

"అవ్వా, ఈడ నీళ్లు పోయొద్దు, కాగితాలు తడుస్తాయి. ఈడ వేలిముద్ర వెయ్యి సాలు."

"సంతకం వస్తాది నాకు. నీళ్లు బయటికి పోయి పోసుకుంటాంలే," అని గుండ్రటి అక్షరాలతో నిదానంగా సంతకం పెట్టింది. ఫొటో తీసేటప్పుడు కొంగు సర్దుకుంది.

బయట వరండాలోకి వచ్చాక నా చెయ్యి పట్టమంది. పత్రాలు వకీలు చేతికిచ్చి అరచెయ్యి చాచాను. ఎంతోమందికి ఆ క్రియ చెప్పి చేయించాను. ఇచ్చేవాడికి ఏం అనాలో చెప్పాను. పుచ్చుకునేవాడి చెయ్యి ఎలా ఉంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు. నీళ్లు చల్లగా పడ్డాయి, తులసి దళం బొటనవేలి దగ్గర ఆగింది. "ఇక ఇది నాది కాదు," అంది ఆమె. ఆ మాట ఎంత తేలిగ్గా అందంటే, పక్కన క్యూలో నిలబడ్డ ఒకాయన ఏం జరుగుతుందో తెలియకుండానే చెప్పులు వదిలి నమస్కారం పెట్టాడు. ఇంత బరువు నాకు మోయడం తెలియదు, నువ్వే మొయ్యి అని రాముడికి చెప్పుకుని గుప్పిట మూశాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. పది రోజులకు పొద్దున్నే ఫోను.

"ట్రస్టీ గారూ, గోడకు మేకు కొట్టుకోవచ్చునా? పటం తగిలించాల."

"అదేంది పెద్దమ్మా, నీ ఇల్లు..."

"ఎవరి ఇల్లు?"

"కొట్టుకో పెద్దమ్మా."

ఈ ఏడాది నవమికి నాలుగు రోజుల ముందు మళ్లీ ఫోను. బోరు మోటారు కాలిపోయింది. నడిచేవాళ్లు అప్పటికే వస్తున్నారు. ఇంతకుముందయితే ఆమే ఎవరినో పిలుచుకుని, ఎవరినో బతిమాలుకుని నెట్టుకొచ్చేది. ఇప్పుడు ఒకే మాట చెప్పి పెట్టేసింది. "మీ మోటారు చెడిపోయినాది. బిన్నా రాండి, జనం వచ్చేస్తాండారు."

పోయాం. హార్మోనియం మిత్రుడు అంగడి మూసి వచ్చాడు. మెకానిక్కు మోటారు విప్పుకుని పట్నం పోయాడు. ట్యాంకరు తెప్పించి, బిందెలతో మోసి, కుండలన్నీ నింపాం. మజ్జిగ చిలికాం. తిథి చూడ్డం తప్ప ఇంకో పనెరగని మా భజనలోని పూజారి మామ కూడా పంచె ఎగగట్టి గ్లాసులు కడిగాడు. ఎండలో వచ్చినవాళ్లు వచ్చినట్టే తాగి, చెంబులు నింపుకుని, రామ రామ అంటూ పోయారు. సాయంత్రానికి కొత్త మోటారు తిరిగి, తియ్యటి నీళ్లు మళ్లీ పైకి వచ్చాయి.

పెద్దమ్మ ఆ రోజంతా పందిరి కింద మంచం మీద కూర్చుంది. ఒక్క కుండ ముట్టలేదు. తాను పోయాక ఏం జరుగుతుందో బతికుండగానే చూసే అదృష్టం ఎందరికి దొరుకుతుంది? ఆమె దాన్ని కన్నార్పకుండా చూసింది. పొద్దు వాలే వేళకు నడిచేవాళ్లతో పాటే వరసలో చెయ్యి చాచి మజ్జిగ అడిగింది. గ్లాసు ఇచ్చాను. ఒక గుక్క తాగి, నోట్లో తిప్పి, నా వైపు చూసింది.

"ఉప్పు తక్కువయింది, ట్రస్టీ గారూ."