సముద్రానికి వీపు పెట్టి

పిళ్ళైచావడి ఒడ్డున నలుగురు దొంగలు నన్ను చుట్టుముట్టారని మా ఊళ్ళో చాలామందికి చెప్పాను. నిజానికి వచ్చింది ఒక్కడే, ఆ పక్కనే టీ అంగడి నడిపే మనిషి. సునామీ వచ్చిన మరుసటి ఏడు అది. నేను సముద్రానికి వీపు పెట్టి కూర్చుని, చెప్పుల్లో ఇసుక దులుపుకుంటున్నాను.

“యా ఊరు పెద్దాయనా? ఒకరే వచ్చినారా? మీరు ఈడుండేది ఇంట్లో తెలుసునా?” అన్నాడు మెల్లగా.

ఆ మాటలకి నా బుర్ర ఒకటే అర్థం చెప్పింది: దోపిడీ. జేబు గట్టిగా పట్టుకున్నాను. అతను నా మోచెయ్యి పట్టి బలంగా సముద్రం వైపు తిప్పేశాడు.

“దాన్ని చూస్తా కూర్చోండి. వీపు పెట్టబాకండి. ఆ పొద్దు మా అమ్మ ఇట్లనే కూర్చొని పూలు కడతా ఉండె.”

అతను నా మోచెయ్యి ఇంకా వదల్లేదు. జేబు మీంచి చెయ్యి తీసేశాను గానీ, సముద్రం మీంచి చూపు తియ్యలేకపోయాను.